సగం పాత ఆయిల్

మా అన్నయ్య పదిమందిలో పరువు పోగొట్టుకోవాలని చాలాకాలంగా ఎదురుచూశాను. ఇందులో దాచేదేమీ లేదు, వీధంతటికీ తెలుసు. టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ "ఇంకా చల్లారలేదా తల్లీ?" అని అడిగేవాడు. ఆయన అడిగింది టీ గురించి కాదు. నేనూ టీ గురించి కాకుండానే "చల్లారితే చెప్తాలే బాబాయ్" అనేదాన్ని.

మాది చిన్న ఇంజన్లు బాగుచేసే పని. మంచు తోసే మెషిన్లు, జనరేటర్లు, నీళ్ళ పంపులు, కర్రలు కోసే రంపాలు, ఇలా తాడు లాగితే స్టార్టయ్యేవన్నీ మా నాన్న షాపుకే వచ్చేవి. నాన్న ఉన్నన్నాళ్ళూ నేనూ అన్నయ్యా చెరో బల్ల దగ్గర పని చేశాం. నాన్న పోయాక కూడా కొంతకాలం అలాగే నడిచింది. కాకపోతే చలికాలం పొద్దున్నే బయట బిగుసుకుపోయిన ఇంజన్ల తాడు లాగే పని మాత్రం నా వాటాకి వచ్చింది. అన్నయ్య స్టవ్ పక్కన కుర్చీ లాక్కుని "నువ్వు స్టార్ట్ చేసి కాస్త వేడెక్కనియ్యి, తర్వాత నేను చూస్తా" అనేవాడు. చూడటం ఆయన వంతు, లాగటం నా వంతు.

చలికి ఇంజన్లో ఆయిల్ ముదిరిన పాకంలా తయారవుతుంది. పిస్టన్ దానిలోంచి కదలాలి, కదిలించాల్సింది మన భుజం. తాడు నిదానంగా వస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఇంజన్ సరైన వేగం అందుకోకముందే లోపల పెట్రోలు అంటుకుంటుంది, అంటుకుని ఎదురు తిరుగుతుంది, తాడుని చేతితో సహా వెనక్కి గుంజుతుంది. ఒకరోజు పొద్దున అలా గుంజిన గుంజుకి నా కుడి భుజం ఎముక జారింది. డాక్టరు సరిచేశాడు కానీ ఆ చేత్తో ఇక బలంగా ఏదీ లాగకూడదని గట్టిగా చెప్పాడు.

ఆ మాట అన్నయ్యకి బంగారంలా దొరికింది. షాపు నిండా మనుషులున్న సమయంలో, నేను చేతికి కట్టుతో గుమ్మంలో నిలబడి ఉంటే, "తాడు లాగలేనిది మెకానిక్కేంటే? ఇంట్లో కూర్చో, పిల్లికి పాలు పొయ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో నేను ఇంజన్లు బాగుచేసి పెట్టిన వాళ్ళు కూడా ఉన్నారు. ఆ వారంలోనే షాపుకి కొత్త తాళం పడింది. నా పానాలు, నా స్క్రూడ్రైవర్లు అన్నీ లోపలే ఉండిపోయాయి. ఆరోజు నాకు ఏడుపు రాలేదు. కోపం ఎంతగా వచ్చిందంటే ఏడవడానికి చోటు మిగల్లేదు.

అప్పుడు నన్ను మనిషిగా చూసింది మా వదిన ఒక్కతే. ఆమె చలికోట్లు కుడుతుంది. వీధిలో సగంమంది ఒంటిమీద ఉన్నవి ఆమె కుట్టినవే. నా చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్ళూ రోజూ వచ్చి జడ వేసింది, తిండి కలిపి నోట్లో పెట్టింది. తాళం మారాక నా పనిముట్లు కొన్నిటిని గుడ్డపీలికల్లో చుట్టి, కోట్ల మూటలో దాచి తెచ్చింది. "ఆయనకి తెలిస్తే నన్ను చంపేస్తాడు, అరవకుండా తీసుకో" అంది. ఆ మూటతోనే వీధికి అవతలి వైపు, మార్కెట్ వాళ్ళ పాత సైకిల్ స్టాండు షెడ్డులో నేను వేరే కుంపటి పెట్టుకున్నాను.

కుంపటైతే పెట్టాను కానీ చేతి మాటేమిటి? నాకు ఎడంచేత్తో లాగితే స్టార్టయ్యే ఇంజన్లు కావాలి. స్పేర్ పార్టుల డీలరుతో నా గోడు చెప్పుకుంటే అతను ఎంత చలికైనా ముదరదంటూ సింథటిక్ ఆయిల్ టిన్ను ఒకటి తెప్పించి ఇచ్చాడు. నేను చెప్పిన మాట నమ్మే రకం కాదు, కంటితో చూడాలి. రెండు చిన్న కప్పుల్లో మేం ఎప్పుడూ వాడే చిక్కటి ఆయిల్ ఒకదానిలో, ఇది ఒకదానిలో పోసి కిటికీ బయట మంచులో పెట్టాను. పొద్దున్నే కప్పులు వంచితే పాతది కదల్లేదు. వేలితో పొడిస్తే సొట్ట పడి అలాగే ఉండిపోయింది. కొత్తది బుద్ధిగా జారి వచ్చింది.

ఆ ఆయిలే టీ కొట్టాయన జనరేటర్లో పోశాను. గడ్డకట్టే చలిలో, అందరూ చూస్తుండగా ఎడంచేత్తో తాడు లాగితే ఒక్క దగ్గు దగ్గి స్టార్టయింది. టీ కొట్టాయన గరిటె పట్టుకుని నాకు సెల్యూట్ కొట్టాడు. అప్పటిదాకా నన్ను వెక్కిరింపుగా 'ఎడంచెయ్యి' అని పిలిచేవాళ్ళు ఆరోజు నుంచి అదే పేరు మర్యాదగా పిలవడం మొదలుపెట్టారు.

అన్నయ్య మాత్రం "నీళ్ళలా పారేది ఆయిలెట్లా అవుతుంది? ఈ చలికాలం గడిచేలోపు ఆ ఇంజన్లన్నీ అరిగి నా దగ్గరికే వస్తాయి చూడండి" అని చాటింపు వేశాడు. ఆయనకి నాన్న చెప్పిందే వేదం. నాన్న ఎప్పుడూ పాత ఆయిల్ మొత్తం తీసేవాడు కాదు. సగం ఉంచి, దాని మీద కొత్తది పోసేవాడు. పాలల్లో తోడు వేసినట్టన్నమాట. పాతది కొత్తదానికి పని నేర్పుతుంది అనేవాడు. నాన్న మంచి మనిషే కానీ ఇంజన్ పెరుగుకుండ కాదు కదా! అడుగున పేరుకున్న నల్లటి మడ్డి ఏం నేర్పుతుంది? నేను ఈ మాట అన్నందుకు అన్నయ్య ఒకసారి నా మీదికి పానా విసిరాడు. నాన్న పద్ధతి తప్పడమంటే ఆయనకి నాన్న ఫోటో పగలగొట్టినంత పని.

ఆ సంవత్సరం చలి పెరిగేసరికి మార్కెట్ సెక్రటరీ గారికి విసుగొచ్చింది. అంతకు ముందు చలికాలం మార్కెట్ మంచు మెషిన్లు అన్నయ్య చేతిలోనే ఉండేవి. పొద్దున్నే అవి మొండికేస్తే దారులు తెరుచుకోక దుకాణాలు ఆలస్యమయ్యేవి. అందుకని ఆయన ఒక పోటీ పెట్టాడు. ఒకే రకం మెషిన్లు రెండు, నాకొకటి, అన్నయ్యకొకటి ఇచ్చాడు. ఎవరి మెషిన్ వాళ్ళు సిద్ధం చేసి ఆయనకి అప్పగించాలి. రాత్రంతా అవి ఆరుబయట ఉంటాయి. పొద్దున ఎవరిది తేలిగ్గా స్టార్టయితే మార్కెట్ పని వాళ్ళకి.

"సైకిల్ షెడ్డు కూడా ఆ పని చేసేవాళ్ళకే. నేను ఇద్దరికి రెండు చోట్లు ఇవ్వలేను" అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ.

అంటే ఓడిపోతే నా షెడ్డు పోతుంది. అన్నయ్య అప్పుడే "ఆ షెడ్డులో నా తుప్పు సామాను పడేసుకుంటా" అని టీ కొట్టు దగ్గర కూర్చుని అన్నాడట. నా నెత్తిన ఉన్న ఆ రేకులు కూడా లాక్కోవాలని ఆయన కోరిక.

మెషిన్లు అప్పగించాల్సిన రోజు మధ్యాహ్నం వదిన నా షెడ్డుకి వచ్చింది. శాలువా తల మీదుగా కప్పుకుని, అటూ ఇటూ చూసి లోపలికి అడుగుపెట్టింది.

"ఆయన పంపాడని చెప్పొద్దన్నాడు" అంది.

"చెప్పేశావుగా వదినా" అని నవ్వాను.

"నీ దగ్గర దాచడం నాకెక్కడ చేతనవుతుంది? నీ ఆయిల్ ఒక టిన్ను కావాలట. నేనేదో కుట్టుమెషిన్‌కి అడిగినట్టు అడగాలట."

"కుట్టుమెషిన్‌కి అంత పెద్ద టిన్నా? ఏనుగుకి కోటు కుడుతున్నావా?"

వదిన కూడా నవ్వింది. తర్వాత మొహం వాడిపోయింది. "ఇవ్వకపోతే ఆయన నన్నంటాడు. ఇస్తే నీకు నష్టం. నాకేం తోచట్లేదమ్మా. నువ్వే చెప్పు."

ఇవ్వనని చెప్పడానికి నోరు తెరిచాను. వీధిలో నన్ను అన్ని మాటలన్నవాడు, అదే ఆయిల్ కోసం పెళ్ళాం చాటున దేబిరిస్తున్నాడు! అంతలోనే నాకు నాన్న పద్ధతి గుర్తొచ్చింది. అన్నయ్య ఈ టిన్ను తీసుకెళ్ళి ఏం చేస్తాడు? సగం పాత ఆయిల్ ఉంచుతాడు. ఆకాశం ఊడిపడ్డా ఉంచుతాడు. ఆ నల్లటి మడ్డి మీద దీన్ని పోస్తే రెండూ కలిసి తెల్లారేసరికి మళ్ళీ పాకమే. ఇంజన్ కాసేపు నడిపి వేడి చేసి, మెషిన్ వంచి, చుక్క మిగలకుండా పాతది దించేస్తేనే ఈ ఆయిల్ గుణం కనిపిస్తుంది. నేను చేసేది అదే. ఆయన చచ్చినా చెయ్యనిది కూడా అదే.

నా సంబరం వదినకి కనబడకుండా అటు తిరిగాను. టిన్ను తీసి ఆమె చేతిలో పెట్టాను.

వదిన దాన్ని శాలువాలో దాచుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఇది పోస్తే చాలా? ఇంకేమైనా చెయ్యాలా?"

"ఏమీ లేదు వదినా."

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి మెట్టు దిగి వెళ్ళిపోయింది. నేను నా మెషిన్ దగ్గరికి వెళ్ళి దాని కింద పళ్ళెం పెట్టి, బోల్టు విప్పి, పాత ఆయిల్ ఆఖరి బొట్టు రాలేదాకా కూర్చున్నాను. వదినకి అబద్ధం చెప్పానన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, దాన్ని పక్కకి తోసేశాను. దెబ్బ అన్నయ్యకి, ఆమెకేం కాదు అనుకున్నాను. ఆ రాత్రి కంటి నిండా నిద్రపోయాను కూడా.

పొద్దున మార్కెట్ వాకిట్లో ఊపిరి పీలిస్తే ముక్కు లోపల కూడా బిగుసుకుపోతోంది. రెండు మెషిన్ల మీదా మంచు పేరుకుని ఉంది. కూరగాయల వాళ్ళు, చేపల వాళ్ళు, టీ కొట్టాయన, అందరూ చేతులు చంకల్లో పెట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. సెక్రటరీ గారు ముందు అన్నయ్యని పిలిచాడు.

అన్నయ్య ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "మా చెల్లెలు ఎడంచేత్తో లాగుతుందని మీరంతా తెగ మురిసిపోతున్నారు కదా. దానిలో గొప్పేముంది? నా మెషిన్ మా ఆవిడ లాగుతుంది. ఎప్పుడూ తాడు ముట్టుకోని మనిషి. చూడండి."

వెనక్కి తిరిగి వదినని చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కొచ్చాడు. ఆమె మొహం తెల్లబోయింది. "నాకెందుకండీ, మీరే లాగండి" అంటూ వెనక్కి జరిగింది. "పరువు తియ్యకు, పట్టుకో" అని పళ్ళ బిగువున అని తాడు పిడి ఆమె చేతిలో పెట్టాడు.

వదిన లాగింది. తాడు కొంచెం వచ్చి ఆగిపోయింది. మళ్ళీ లాగింది. లోపల నుంచి మూలిగినట్టు ఒక చప్పుడు తప్ప ఏమీ లేదు. చేపలవాడు నవ్వాడు. వెనక నుంచి ఎవరో "ఆవిడతో కోటు కుట్టించవయ్యా, మెషిన్ చలికి వణుకుతోంది" అన్నారు. జనం గొల్లుమన్నారు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఒళ్ళంతా హాయిగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ నవ్వు ఇంకాస్త సేపు సాగితే బాగుండుననిపించింది.

"గట్టిగా లాగు! తిండి తినట్లేదా?" అని అన్నయ్య అరిచాడు.

వదిన పిడి వదిలి, తాడునే అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంది. అది చూడగానే నా హాయి కాస్తా ఆవిరైపోయింది. కొత్తవాళ్ళు చేసే పని అది, పట్టు దొరుకుతుందని చుట్టుకుంటారు. ఇంజన్ ఎదురు తిరిగితే వదిలెయ్యడానికి ఉండదు. ఆమె లాగింది, ఇంజన్ ఒకసారి టప్పుమంది. లోపల పెట్రోలు అంటుకుంటోందన్నమాట. తర్వాతి లాగుకి ఏం జరుగుతుందో అక్కడున్న వాళ్ళందరిలో నాకే బాగా తెలుసు.

"వదినా, వదిలెయ్" అనాలి. అంతే. కానీ అంటే ఎందుకని అడుగుతారు. పాత ఆయిల్ సంగతి చెప్పాలి, టిన్ను నేనే ఇచ్చానని చెప్పాలి, చెప్పకుండా దాచానని ఒప్పుకోవాలి. అన్నయ్య మోసమని గోల పెడతాడు, సెక్రటరీ గారు పోటీ మళ్ళీ పెడతాడు, షెడ్డు పోతుంది. ఇవన్నీ లెక్కేసుకుంటూ నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఈలోపు వదిన కాలు మెషిన్‌కి తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది.

ఇంజన్ ఎదురు తిరిగింది. తాడు ఆమెని మెషిన్ మీదికి ఈడ్చి పడేసింది. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

జనం నవ్వు ఆగిపోయింది. నేను, టీ కొట్టాయన పరిగెత్తాం. చేతి నుంచి తాడు విప్పుతుంటే వదిన పళ్ళు బిగపట్టి, కళ్ళు మూసుకుంది. అన్నయ్య వంగింది ఆమె వైపు కాదు, మెషిన్ వైపు. ఆయిల్ చూసే కడ్డీ పైకి లాగాడు. దాని చివర నల్లటి ముద్ద వేలాడుతోంది, కింద పడనంటోంది. సెక్రటరీ గారు కళ్ళజోడు సర్దుకుని ఆ ముద్దని, అన్నయ్యని మార్చి మార్చి చూశాడు. "నీ పెళ్ళాం చెయ్యి విరిగితే నువ్వు చూసేది దీన్నా?" అన్నాడు. మార్కెట్లో ఒక్కరు కూడా అన్నయ్య వైపు నిలబడలేదు. ఆయన కడ్డీ పట్టుకుని అలాగే తలదించుకుని ఉండిపోయాడట. 'ఉండిపోయాడట' అనడం దేనికంటే, అది నేను చూడలేదు. తర్వాత టీ కొట్టాయన వర్ణించి చెప్పాడు.

సెక్రటరీ గారు నన్ను మెషిన్ లాగి వెళ్ళమన్నాడు, పద్ధతి పద్ధతేనట. ఎడంచేత్తో లాగాను, స్టార్టయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దాన్ని అలా నడుస్తుండగానే వదిలేసి వదినని కూరగాయల బండిలో కూర్చోబెట్టుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

క్లినిక్‌లో వసారా బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తోంది. విరిగింది కుడి చెయ్యే, కత్తెర పట్టే చెయ్యి.

"వదినా, నీకొక మాట చెప్పాలి. నిన్న నువ్వు అడిగినప్పుడు..."

"పాత ఆయిల్ మొత్తం తీసెయ్యాలి. అదేగా?"

"నీకెలా తెలుసు?" అన్నాను.

"నువ్వు ఏమీ లేదన్న తీరులోనే ఏదో ఉందని తెలిసిపోయింది. నీకు అబద్ధం చెప్పడం రాదమ్మా, చెవులు కదులుతాయి. ఇంటికెళ్ళాక టిన్ను వెనక ఉన్నది చదివాను. మొత్తం దించి పొయ్యమని ఉంది. ఆయన సగం ఉంచి పోస్తుంటే నేనే పక్కన టార్చి పట్టుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వెందుకు చెప్పలేదో నేనూ అందుకే. పొద్దున నడి మార్కెట్లో ఆయన లాగీ లాగీ రొప్పుతుంటే కళ్ళారా చూడాలనుకున్నాను. నీకు అందకుండా షాపు తాళం మార్చిన రోజు నుంచీ అనుకుంటున్నా. అంతకుముందు నుంచీ కూడా." పెదవి కొరుక్కుని నొప్పి మింగింది. "తాడు తెచ్చి నా చేతిలో పెడతాడని మాత్రం తట్టలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసి అది తట్టలేదు చూడు."

నాకు బరువు దిగినట్టయింది. సిగ్గులేకుండా చెప్తున్నా, నిజంగానే దిగినట్టయింది. ఇద్దరం ఒకే పని చేశాం, తప్పు ఇద్దరిదీ అనుకున్నాను. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

"అయితే నా మీద కోపం లేదా వదినా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఎందుకుండదు? ఆయిల్ సంగతి నాకు తెలుసు. తాడు అలా వెనక్కి గుంజుతుందని నాకు తెలియదు. మెషిన్ స్టార్టవ్వదు, నలుగురూ నవ్వుతారు, అంతే అనుకున్నాను. అది చెయ్యి విరగ్గొడుతుందని నీకు తెలుసు. నేను తాడు చుట్టుకుంటున్నప్పుడు నిన్నే చూస్తున్నాను, ఒక్కసారి వద్దంటావేమోనని. నువ్వు నన్ను చూస్తూనే ఉన్నావు."

లోపలి నుంచి నర్సు పిలిచింది. లేవడానికి సాయంగా చెయ్యి అందించాను. వదిన ఆ చెయ్యి పట్టుకోకుండానే లేచి లోపలికి వెళ్ళిపోయింది.